తెల్లటి వాకిట్లో రోకలి

ఆర్మూర్‌లో ఎవరికైనా మంచుకొండలు కావాలంటే నా స్టూడియోకే రావాలి. పాత బస్టాండ్ పక్క సందులో, చెప్పుల దుకాణం మీద, మొదటి అంతస్తు. పెళ్ళి ఆల్బమ్ చేయించుకోవడానికి వచ్చిన ప్రతి జంటా కాసేపు అటూ ఇటూ చూసి చివరికి ఒకటే అడుగుతుంది, "అక్కా, ఎనక మంచు పెట్టవా?" అని. పెడతాను. పట్టుచీరలో ఉడికిపోతున్న పెళ్ళికూతురిని కంప్యూటర్లో కత్తిరించి, తీసుకెళ్ళి తెల్లటి కొండల ముందు నిలబెడతాను. ముక్కు మీద చెమట మెరుస్తుంటుంది, మెడలో దండ వాడిపోయి ఉంటుంది, వెనక మాత్రం మోకాలి లోతు మంచు. ఎవరికీ అభ్యంతరం లేదు. నాకుంది, కానీ నన్నెవరడుగుతారు?

మిగతా సగం బతుకు గల్ఫ్ పోయేవాళ్ళ పాస్‌పోర్టు ఫోటోలు. వెనక తెల్లగా ఉండాలి, చెవులు రెండూ కనబడాలి, నవ్వకూడదు. బాల్కొండ నుంచి, నవీపేట్ నుంచి వచ్చి ఆ తెల్లటి గుడ్డ ముందు కూర్చుని బిగుసుకుపోతారు. నేను "జర భుజం దించు అన్నా" అంటాను, దించుతారు, వెళ్ళిపోతారు. ఇలా పొద్దస్తమానం తెలుపు మధ్యే నా పని. అందులో ఒక్కటీ నిజం తెలుపు కాదు.

అందుకే పొద్దున్నే కెమెరా పట్టుకుని బయటపడతాను. మా ఇల్లు పెర్కిట్ చివర్లో ఉంది. పెరటి గోడ దాటితే పొలాలే. చలికాలం పొగమంచు దిగినప్పుడు హైవే కనబడదు, లారీల చప్పుడు మాత్రం ఎక్కడో దూరదేశం నుంచి వస్తున్నట్టు వస్తుంది. పసుపు ఆకుల మీద తడి, మోటారు వేయడానికి పోతున్న మనిషి చేతిలో టార్చి, ఆ వెలుగు చుట్టూ ఒక తెల్లటి గుండ్రం. మెడ దాకా మబ్బులో మునిగిన గేదె. నేను గట్టు మీద నిలబడి ఊపిరి బిగబట్టి తీస్తాను. ఆ కాసేపు నేను ఎక్కడున్నానో నాకే గుర్తుండదు. ఈ ఫోటోలు ఎవరూ కొనరు. ఇంట్లో మా ఆయన దయానంద్ మాత్రం చూసి, "ఏం గానొస్తలేదు గదనే ఇండ్ల," అంటాడు. కనబడకపోవడమే అందులో ఉన్నదని చెప్తే నవ్వుతాడు, అందుకని చెప్పను.

మా పక్కిల్లు వెంకవ్వది. నేను పెద్దమ్మా అని పిలుస్తాను. పసుపు తవ్వడానికీ, ఉడకబెట్టడానికీ, కళ్ళంలో ఆరబోయడానికీ కూలికి పోతుంది. ఆమె చిన్న కూతురు మంగ, నేనూ ఒకే బెంచీ మీద చదువుకున్నాం. మంగ మొగుడు భీవండీ పోయి అక్కడ ఇంకో కాపురం పెట్టాడు. మంగ చంటిపిల్లను తల్లి చేతిలో పెట్టి కువైట్‌కు ఇంటి పనికి పోయింది. ఆ చంటిపిల్లే మానస. ఇప్పుడు ఆరో తరగతి. నన్ను చిన్నమ్మా అంటుంది, నా కెమెరా సంచీని నాకంటే ఎక్కువ సర్దుతుంది, నోరు మాత్రం చింతకాయ.

మానస తల్లితో మాట్లాడదు. శుక్రవారం సెలవు రోజున మంగ ఇమోలో వీడియో ఫోన్ చేస్తుంది. వెంకవ్వ ఫోన్ పిల్ల చేతిలో పెడుతుంది. పిల్ల ఫోన్‌ను పీట మీద వెల్లకిలా పడుకోబెట్టి లేచిపోతుంది. ఇన్నేళ్ళుగా మంగ తన కూతురి మొహం కంటే తన ఇంటి సీలింగ్ ఫ్యాన్‌నే ఎక్కువ చూసింది.

ఆ ఫ్యాన్‌తోనే మంగ తన కథ చెప్తుంటుంది. కూతురి గురించి చెప్పడానికి ఆమె దగ్గర ఉన్నది ఆ ఒక్క వడగళ్ళ కథే. "నువ్వు పుట్టిన నాడు రాళ్ళవాన పడ్డది బిడ్డా. గుట్ట దాక నేల మొత్తం తెల్లగయింది. దవాఖానకు పోనీకి తొవ్వ లేదు, మనింట్లనే పుట్టినవ్. నిన్ను ఎత్తుకుని వాకిట్లకు జూస్తే, కండ్లు జిగేల్‌మన్నయ్..." అక్కడికి వచ్చేసరికి మానస వాకిలి దాటి మా ఇంట్లో ఉంటుంది.

"అన్నీ అబద్దాలు చిన్నమ్మా," అని నా మంచం మీద కూర్చుని కాళ్ళు ఊపుతుంది. "నేల తెల్లగయితదా? పోయినేడు గూడ రాళ్ళు పడ్డయి, నేను జూసిన, గిన్నిగిన్ని. పడంగనే కరిగినయ్. వచ్చే ఏడు వస్తా అంటది, రాదు. గిది గూడ గట్లనే."

పిల్ల లెక్క ఆ పిల్లకుంది.

మొన్న మార్చి చివర్లో మంగ నాకు విడిగా ఫోన్ చేసింది. గొంతు చల్లగా ఉంది, ఏడ్చి ముగించాక ఉండే చల్లదనం.

"లతా, ఈడ నా గడువు అయిపోయింది. ఇంకో రెండేండ్లకు సంతకం పెట్టుమంటున్నది మేడం. శుక్రవారం మాపటికి చెప్పాలె. పెట్టేస్తనే."

"అదేందే? ఈ పాలి వస్తనంటివి గద!"

"వచ్చి ఎవలింట్ల ఉండాలె? పొల్ల నా మొఖం జూడది. నా తోని ఒక్క మాట మాట్లాడది. వచ్చి దాని ముంగట బయటి మనిషి లెక్క కూసునే బదులు ఈడ్నే ఉంట. దానికి ఫోన్ల కనబడే అమ్మ సాలు."

"శుక్రవారం దాక ఆగు," అన్నాను. ఎందుకు ఆగమన్నానో నాకే తెలియదు. నాలుగు రోజుల్లో ఆ పిల్ల మనసు మార్చే మంత్రం నా దగ్గర ఏముంది? వెంకవ్వకు చెబితే గుండె పగిలేట్టు ఏడుస్తుంది. మానసకు చెప్పాను. "మీ అమ్మ ఇగ రాదంట, నువ్వు మాట్లాడతలేవని," అన్నాను, కటువుగానే. పిల్ల కాళ్ళు ఊపడం ఆపింది. "రాకపోతే రాకపోనీ," అని లేచి వెళ్ళింది. సాయంత్రం దాకా మా ఇంటివైపు రాలేదు.

గురువారం మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చాను. ఎండ మండుతోంది. చేయి కడుక్కునే లోపల వెలుగు మారింది. ఆకాశం పసుపు ఉడకబెట్టిన నీళ్ళ రంగుకు తిరిగింది. గాలి ఆగిపోయింది. వేపపూల వాసన ఒక్కసారిగా దగ్గరికి వచ్చింది. కాకులు లేవు. నాకు ఇలాంటి వెలుగంటే పిచ్చి, అన్నం వదిలేసి కెమెరా తీసుకుని వెంకవ్వ వాకిట్లోకి పరిగెత్తాను. అక్కడి నుంచి పొలం బాగా కనిపిస్తుంది.

వెంకవ్వ అప్పుడే చీర ఎగదోపి బయటికి ఉరుకుతోంది. ఎదురుగా, ఆమె కూలికి పోయే ధర్మయ్య కాక కళ్ళంలో పసుపు ఆరబోసి ఉంది. టార్పాలిన్ పర్దాలు కప్పకపోతే మొత్తం తడిసిపోతుంది. ఉరుకుతూనే వెనక్కి తిరిగి అరిచింది. "మానసా! రాళ్ళు పడితే రోకలి బయటెయ్యి! నువ్వే ఎయ్యాలె, తొలిచూలు పిల్లవు నువ్వే ఉన్నవ్!"

ఇది వెంకవ్వ ఇంటి పద్ధతి. రాళ్ళవాన మొదలైతే ఇంట్లో తొలిచూలు బిడ్డ రోకలి తెచ్చి వాకిట్లో విసరాలి. అప్పుడు వాన శాంతిస్తుందట. ఇంట్లో ఆ రోకలి మంగ తండ్రి నడిపయ్య ఉన్నప్పటిది. ఆయన పోయాక కూడా ఏడాదికొకసారి దానితోనే కారం దంచుతారు.

"మా సైన్సు సార్ అసలు రాళ్ళవాన ఎట్ల పడతదో చెప్పిండు," అని మానస సణిగింది. అంతలో మొదటి రాయి రేకు మీద పడింది. తర్వాత ఇంకోటి. తర్వాత ఎవరో పైనుంచి బస్తాలు కుమ్మరిస్తున్నట్టు పడ్డాయి. ఇద్దరం గడపలో నిలబడ్డాం. నేను ఏదో అరుస్తున్నాను, నా మాట నాకే వినబడలేదు. మానస చెవులు మూసుకుని ఏడుపు మొహం పెట్టింది. అమ్మమ్మ ఉన్న కళ్ళం వైపు చూసింది. అటు తెల్లటి తెర తప్ప ఏమీ లేదు. పిల్ల ఇంట్లోకి పరిగెత్తింది, తన ఎత్తుకంటే పొడుగైన రోకలిని ఈడ్చుకొచ్చింది. సైన్సు సారును మర్చిపోయి, రెండు చేతులతో ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి వాకిట్లోకి విసిరింది.

రోకలి వల్లనో, మబ్బే అయిపోయిందో, కాసేపటికి చప్పుడు పలచబడింది. తర్వాత ఆగిపోయింది.

అలాంటి నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. వాకిలి తెల్లగా ఉంది. గోడ తెల్లగా ఉంది. గోడ అవతల పసుపు తవ్వేసిన చేను, సాళ్ళలోకి రాళ్ళు దొర్లి చేరి, పొడుగ్గా తెల్లటి చారలు చారలుగా గుట్ట వైపు సాగిపోయింది. ఎక్కడా మట్టి రంగు లేదు. మడమ దాకా మునిగేంత మందాన పరుచుకుంది. దాని మీంచి సన్నటి ఆవిరి లేచి, మోకాలి ఎత్తున కదలకుండా నిలబడింది. ఆ ఆవిరిలో సిద్ధుల గుట్ట నేలకు తగలకుండా తేలుతోంది. నా ఊరు నా ఊరు కాదు. పుట్టినప్పటి నుంచీ తిరిగిన గట్టు ఎక్కడుందో పోల్చుకోలేకపోయాను. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి, మార్చి నెలలో, ఆర్మూర్‌లో. ఇన్నేళ్ళుగా నేను జంటల వెనక అతికిస్తున్నది ఇదా, ఇది ఇంత మెత్తగా, ఇంత మౌనంగా ఉంటుందా అనుకున్నాను.

మానస వట్టి కాళ్ళతో అందులోకి దిగింది. ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తోంది, నిద్రలో నడిచే పిల్లలాగా. వాకిలి మధ్యకు వెళ్ళి నిలబడి గుట్ట వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"చిన్నమ్మా," అంది, గొంతు తగ్గించి. "గుట్ట దాక ఉన్నది."

"అవ్ బిడ్డా."

"అమ్మ చెప్పింది నిజమే."

నాకు ఏడుపొచ్చింది. కెమెరా మొహానికి అడ్డం పెట్టుకున్నాను. అదొక సౌకర్యం మా వృత్తిలో.

ఫ్రేములో పిల్ల వీపు, తెల్లటి వాకిలి, చారల చేను, తేలుతున్న గుట్ట. అన్నీ కుదిరాయి. ఒక్క రోకలి తప్ప. అంత శుభ్రమైన తెలుపులో అది అడ్డంగా, నల్లగా, నూనె జిడ్డుతో పడి ఉంది. "మానసా, జర ఆ రోకలి పక్కకు తియ్యవే," అన్నాను.

"తియ్య. తీస్తే మళ్ళ పడతయి."

"పడవే. ఒక్క నిమిషం. ఫోటో మొత్తం ఖరాబ్ అయితున్నది."

"అమ్మమ్మ కళ్ళంల ఉన్నది," అంది మానస, ఇక మాటల్లేవన్నట్టు. తీయలేదు. నన్నూ ముట్టుకోనివ్వలేదు. తిట్టుకుంటూ రోకలితో సహా తీశాను. తర్వాత కంప్యూటర్లో చెరిపేద్దాంలే అనుకున్నాను. అది నాకు చిటికెలో పని.

కళ్ళం వైపు నుంచి వెంకవ్వ వచ్చింది, తల మీద బొప్పి కట్టి ఉంది. వెనక ధర్మయ్య కాక. పసుపు చాలావరకు కప్పగలిగారు, ఒక కుప్ప మాత్రం తడిసింది. పచ్చటి కొమ్ముల మీద తెల్లటి రాళ్ళు. కాక దాని పక్కన గొంతుక్కూర్చుని ఒక్కో రాయీ ఏరి అవతల పారేస్తున్నాడు. అది చూశాక నా సంతోషం నాకే సిగ్గనిపించింది. అవతలి మక్కజొన్న చేను చీలికలు పేలికలయింది. నేను కెమెరా సంచీలో పెట్టి వెళ్ళి రాళ్ళు ఏరాను. మానస కూడా వచ్చింది. చేతులు కొంకర్లు పోయేదాకా ఏరాం.

కరెంటు పోయింది, టవర్ పోయింది, ఏ ఫోన్లోనూ ఒక్క గీత లేదు. పొద్దు గుంకేలోపు తెలుపంతా బురదయింది. మానస గడపలో కూర్చుని అది కరగడం చూస్తూ ఉండిపోయింది. "అమ్మకు జూపెట్టక ముందే పోతున్నది," అంది. తర్వాత నా వైపు చూడకుండా, "ఫోటో పంపు. నిజమే అని మానస చెప్పుమన్నది అని రాయి," అంది.

"నువ్వే చెప్పొచ్చు గద."

"నువ్వే రాయి."

శుక్రవారం పొద్దున సిగ్నల్ వచ్చింది. అప్పటికి వాకిట్లో బురద, రాలిన ఆకులు, రోకలి తప్ప ఏమీ లేవు. తీరిక లేక ఫోటోను ఉన్నదున్నట్టే పంపాను, రోకలి చెరపకుండా. కింద మానస చెప్పింది రాశాను. వెంకవ్వ ఇంట్లో ముగ్గురం ఫోన్ చుట్టూ కూర్చున్నాం. మంగ గొంతు వచ్చింది, రికార్డు చేసి పంపిన మాట.

"ఏందే లతా, నన్ను పిచ్చిదాన్ని జేస్తున్నవా? నా లగ్గం ఫోటోల ఎనక మంచు కొండలు పెట్టింది నువ్వే గద. నీ మంచు నాకు తెల్వదా? నేను సంతకం పెట్టొద్దని గీ నాటకం ఆడుతున్నవ్, నాకెర్కనే. ఫోటో మంచిగనే చేసినవ్. గని నా బిడ్డ అనని మాటలు అన్నదని రాయకు. గది మాత్రం చెయ్యకే, దండం పెడత."

ఆర్మూర్ మొత్తానికి దొంగ మంచు పంచినదాన్ని, నిజం మంచు నా చేతికి వచ్చిన రోజు నన్నెవరు నమ్ముతారు? మానస మొహం చూడలేకపోయాను.

"నమ్ముతలేదు," అంది. "నేను నిజమే చెప్పిన గదా. నమ్ముతలేదు."

నమ్మకపోతే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసిందా అని నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. వెంకవ్వ మనవరాలిని ఒళ్ళోకి లాక్కుంది. "నేను చెప్త బిడ్డా, నేను ఫోన్ జేసి చెప్త," అంటోంది. అంతలో ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి మాట కాదు, ఇమోలో మంగే. తెర మీద ఆమె మొహం అద్దానికి ఆనుకున్నంత దగ్గరగా ఉంది. వెనక వంటిల్లు, కుళాయి కారుతోంది.

"లతా! వాకిట్ల రోకలి ఉన్నది గదనే. పెద్దగ జేసి జూసిన. దానికి తీగ చుట్టి ఉన్నది. పగిలితే మా నాయిన చుట్టిన తీగ. గది నీకెట్ల తెలుస్తది? రాళ్ళు పడితెనే గది వాకిట్ల పడతది, నువ్వు పెట్టింది గాదు అది. నిజంగనే పడ్డయా? రోకలి ఎవలేసిన్రు? మా అవ్వ ఏసిందా?"

నేను తీగ చూడనే లేదు. ఆ రోకలినే తీసేద్దామనుకున్నదాన్ని. వెంకవ్వ నోరు తెరవబోయింది. కానీ ఫోన్ నా చేతిలో లేదు. మానస లాక్కుంది. పీట మీద పెట్టలేదు. మొహానికి ఎదురుగా పట్టుకుంది.

"నేనే ఏసిన," అంది.

అటువైపు కుళాయి కట్టేసిన శబ్దం వినబడింది. మంగ చూస్తోంది. ఎన్నేళ్ళ తర్వాతో ఫ్యాన్ కాకుండా మొహం చూస్తోంది.

"గిది రెండోసారి బిడ్డా," అంది చివరికి.

"రెండోసారా?"

"నువ్వు పుట్టిన నాడు రాళ్ళు ఆగుతలేవు. ఇంట్ల తొలిచూలు పిల్ల ఎవలు లేరు. మా అక్క అత్తగారింట్ల ఉండె. పురుడు నీళ్ళు గూడ పొయ్యలే నీకు. మా అవ్వ నిన్ను బట్టల చుట్టి ఎత్తుకుని, నీ పిడికిలి ఆ రోకలికి ఆనించి, నీ పేరు మీద వాకిట్ల ఏసింది. గప్పుడు ఆగినయి. గప్పుడు నేను బయటికి జూసిన. ఎన్నిసార్లు చెప్పబోయిన, నువ్వు ఆడికొచ్చేసరికి లేచిపోయేదానివి."

మానస అమ్మమ్మ వైపు తిరిగింది. "నిజమేనా?" అని కళ్ళతోనే అడిగింది. వెంకవ్వ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపింది. పిల్ల తన కుడి పిడికిలి విప్పి, అరచేతిలోకి చూసుకుంది. నిన్న రోకలి ఎత్తినప్పుడు గీసుకుపోయిన గీత ఎర్రగా ఉంది.

"అమ్మా," అంది. ఆ పిలుపు ఆ నోటి నుంచి నేను వినడం అదే మొదలు. "రోకలి ఇంక వాకిట్లనే ఉన్నది. నేను లోపల పెట్ట. అమ్మమ్మను గూడ పెట్టనియ్య. నువ్వొచ్చి పెట్టు."

మంగ ఏమందో మాకు అర్థం కాలేదు. ఏడుస్తూ మాట్లాడితే ఎవరిదీ అర్థం కాదు. సాయంత్రం మాత్రం నాకు ఒక్క ముక్క పంపింది, సంతకం పెట్టలేదని.

ఆ ఫోటో స్టూడియోలో, మెట్లెక్కగానే ఎదురుగా పెట్టాను. జంటలు చూసి, "అక్కా, మాకు గిసొంటి మంచే పెట్టు, గని ఆ కట్టె తీసెయ్యి," అంటున్నారు. తీయనంటున్నాను. రోకలి ఇప్పటికీ వెంకవ్వ వాకిట్లో పడిన చోటే ఉంది, పొద్దున్నే మానస దాని చుట్టూ ఊడ్చి ముగ్గు వేస్తుంది. కారం దంచే రోజులు వచ్చాయి. వెంకవ్వ మా ఇంటికి వచ్చి మా రోకలి అడిగి తీసుకుపోయింది, మంగ వచ్చేదాకా వాడుకుంటానంది.